బ్రేక్

లారీ డ్రైవరు సమాధానం కృష్ణపట్నం దారిలో బండి ఆపి కూతురికి ఫోన్ చేశాడు. "బ్రేకు సరిగా పట్టడంలేదు పాపా. మేనేజరుకు తెలుగు రాదు, నువ్వే ఇంగ్లీషులో మెసేజ్ పెట్టు."

ఇంటర్ చదివే షారన్, నాన్నకు అర్జెంటుగా బ్రేక్ కావాలని రాసి పంపింది. సరుకు దించాకే అని జవాబొచ్చింది. ఆ మాటే తండ్రికి చెప్పింది.

"సరేలే, నిదానంగా పోతా," అన్నాడాయన.

వంతెన దిగేటప్పుడు లారీ ఆగలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆఫీసు గుమస్తా షారన్‌ను పక్కకు పిలిచాడు. "బండి బ్రేకుకు స్పెల్లింగు వేరమ్మా. నువ్వు రాసినదానికి విశ్రాంతి అని అర్థం. రెస్టు అడిగినాడనుకున్నాడు సారు."

"ఏమంటుండాడు పాపా?" అని తల్లి ప్రేమలీల అడిగింది.

ఎన్నాళ్లు గడిచినా అమ్మకు ఆ మాట చెప్పలేనని షారన్‌కు తెలిసిపోయింది.