వెనక వరుస ఫోటో

మా ఆయన మద్దిలేటికి ఫోటో తీయడం వచ్చు, దానికి పేరు పెట్టడం రాదు. ఆళ్లగడ్డలో మా స్టూడియో బీరువా నిండా సీడీలే. ప్రతి సీడీ మీదా స్కెచ్ పెన్నుతో ఒకటే మాట ఉంటుంది: అహోబిలం పెండ్లి. ఈ చుట్టుపక్కల సగంమంది పెళ్లిళ్లు అహోబిలంలోనే చేస్తారు. ఎవరి పెళ్లో, ఏ నెలలోనో కూడా రాయమని నేను పోరుపెట్టని రోజు లేదు. "నాకు గుర్తుంటాదిలే" అంటాడు. ఆ మనిషికి పొద్దున తిన్న కూర రాత్రికి గుర్తుండదు.

డిజిటల్ కెమెరా కొన్నప్పుడు మా కష్టాలు తీరాయనుకున్నాం. రీలు కొనక్కర్లేదు, కడిగించడానికి నంద్యాలకు తిరగక్కర్లేదు. కానీ కెమెరా కార్డు చిన్నది, కంప్యూటర్‌లో చోటూ తక్కువే. పెళ్లి కాగానే ఫోటోలు సీడీలోకి ఎక్కించి రెండుచోట్లా ఖాళీ చేసేస్తాం. ఇక పెళ్లంతా ఆ ఒక్క సీడీలోనే. ఇంకో కాపీ తీసి పెడదామంటే "అంత అవసరమేమొచ్చె" అనేవాడు. అవసరం చెప్పి రాదని ఆయనకు ఎవరు చెప్పాలి?

రెండువేల ఆరు దసరాకు నేను మా పుట్టింటికి, మిడుతూరుకు పోయాను. తిరిగొచ్చి బీరువా తీస్తే సీడీల నిండా ఎర్రటి బొట్లు. ఆయుధపూజ నాడు మా అత్త రామేశ్వరమ్మ కెమెరాకు, కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు బొట్లు పెట్టి ఊరుకోలేదు. సీడీలన్నీ కవర్లలోంచి తీసి, మెరిసే వైపు గంధం పూసి, కుంకుమ పెట్టింది.

"ఏంది అత్తా ఇది? ఫోటోలుండేది ఆ పక్కనే" అన్నాను.

"రాసిన పక్క పెడితే అచ్చరాలు చెడిపోవా? సూసి సూసి ఈ పక్క పెట్నా" అంది, తన జాగ్రత్తకు తనే మురిసిపోతూ.

వీధిలోకి వినపడేలా అరిచాను. నేను ఎవరికో పాస్‌పోర్ట్ ఫోటో తీసి వచ్చేసరికి పెరట్లో కూర్చుని ఆ సీడీలన్నీ పీచుతో తోమి, మంచం మీద వరసగా ఎండబెట్టింది. "కడిగినా. ఇంగ సరా?" అంది. బొట్టయితే మెత్తటి గుడ్డతో తుడుచుకునేదాన్ని, పీచు గీతల్ని ఏం చేయను? ఆ రోజు నుంచి కుంకుమ భరిణె స్టూడియో గడప దాటకూడదని తేల్చి చెప్పాను. ఆమె నాతో మాట్లాడడం మానేసింది. నాకు ఏడుపొచ్చింది గానీ, కోపమే ఎక్కువగా వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు జీవమ్మ వచ్చింది. అహోబిలం దగ్గరి చెంచుగూడెం మనిషి. ఆమె భర్త ఓబయ్య శేషయ్యగారి మామిడితోటకు కాపలా ఉండేవాడు. ఆ ముందటేడు జ్వరం వచ్చి పోయాడు.

"అక్కా, మా ఆయప్ప ఫోటో గావల్ల. వచ్చే వారం యాడాది పెడతాండాం. ఇంట్లో ఒగటి గూడా లేదు" అంది.

"మేమెప్పుడు తీసినాం?"

"శేషయ్యన్న కూతురు పెండ్లిలో. పనోళ్లను గూడా ఎనక నిలబెట్టి తీసినాడు గదా మద్దిలేటన్న. ఆయప్పను ఫోటో తీసింది అదొక్కపారే."

వింతగా మా ఆయనకు ఆ ఫోటో గుర్తుంది. శేషయ్య కుటుంబం ముందు కుర్చీల్లో, పనివాళ్లు వెనక మెట్ల మీద. శేషయ్యకు ఫోన్ చేశాను. "పనోళ్ల ఫోటో ఆల్బమ్‌లో ఎందుకులే అని వద్దన్నా గదమ్మా" అన్నాడు. ఆయనకిచ్చిన సీడీలోనూ ఆల్బమ్‌కు పోయిన ఫోటోలే ఉన్నాయి. ఇక మిగిలింది పీచుతో తోమిన మా సీడీ ఒక్కటే.

ఆ ఒక్కటి ఏదో తెలిస్తే కదా. అన్నీ అహోబిలం పెండ్లే. ఒకదాని తర్వాత ఒకటి కంప్యూటర్‌లో పెట్టి చూశాను. కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని గురగురమని తిరిగి ఊరుకున్నాయి. జీవమ్మ బెంచీ మీద కూర్చుని, ఒక్కో సీడీ బయటికి వచ్చినప్పుడల్లా నా ముఖం చూసేది. పొద్దు వాలేవేళకు ఆ పెళ్లి దొరికింది. తలంబ్రాలు వచ్చాయి, అప్పగింతలు వచ్చాయి, పనివాళ్ల ఫోటో దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది.

ఆ సీడీని వీధిలోకి గిరాటేయాలనిపించింది. మా అత్త మీద కోపం, మా ఆయన మీద అంతకు మించిన కోపం. ఒక మనిషిని బతుకంతా కలిపి ఒకేసారి ఫోటో తీశారు, దాన్ని కూడా మేం దాచలేకపోయాం. "ఇంక బోర్డు పీకి పారెయ్" అని మా ఆయన ముఖం మీదే అన్నాను.

మర్నాడు నంద్యాల బస్సెక్కాను. జీవమ్మ కూడా వచ్చింది. ఆయప్ప అందులో ఉన్నాడని సీడీ నన్ను పట్టుకోనివ్వకుండా దారంతా ఒళ్లోనే పెట్టుకుంది.

కంప్యూటర్లు బాగుచేసే గణేశ్ సీడీని వెలుతురుకు పట్టి చూశాడు. "అక్కా, దీన్ని ఎవురన్నా గిన్నె తోమినట్ల తోమినారా?" అన్నాడు. అందినంతవరకు లాగే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని చెప్పి పెట్టాడు. "ఫోటో పైనుంచి కిందికి వస్తాది. యాడ నిలిచిపోతే ఆడికే" అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. ముందు ఆకాశం వచ్చింది, తర్వాత గోపురం. తర్వాత మెట్ల మీద చివరి వరుస. తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండకు కళ్లు చికిలించిన ఓబయ్య నడుము దాకా వచ్చాడు. ముందువాళ్ల తలలు కొన్ని వచ్చాయి, పెళ్లికొడుకు తలపాగా కొస వచ్చింది. అక్కడ ఆగిపోయింది. కింద అంతా బూడిదరంగే. శేషయ్య లేడు, పెళ్లికూతురు లేదు.

"పెండ్లికొడుకే పోయినాడు గదక్కా. ఇంగేం పనికొస్తాది ఇది?" అన్నాడు గణేశ్.

"పోనీలేప్పా. వాళ్లకు ఆల్బమ్ ఉండాది" అంది జీవమ్మ.

ఓబయ్య వరకు కత్తిరించి, ఆళ్లగడ్డలో ప్రింటు తీసి, అద్దం బిగించి ఇచ్చాను. జీవమ్మ దాన్ని కొంగుతో తుడిచి, గడప అవతల నిలబడ్డ మా అత్త వైపు చూసింది. "ఒగ బొట్టు పెట్టియ్యి పెద్దమ్మా" అంది.

మా అత్త కదల్లేదు. నా వైపే చూస్తోంది.

"పెట్టు అత్తా" అన్నాను.

ఇంట్లోకి పోయి భరిణె తెచ్చింది. గడప దాటి వచ్చి, కుంకుమ వేలికి అద్దుకుని ఆగింది. దసరా నుంచి నాతో మాట్లాడని మనిషి మెల్లగా అడిగింది.

"ఏ పక్క పెట్టల్ల?"

అద్దం మీద ఓబయ్య నుదురు వేలితో చూపించాను.