బియ్యంకుండలో పారశీక వెండి

నేను దొంగతనం చేశాను. అది ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మిగతాదంతా ఆ దొంగతనం నన్నెంత భయపెట్టిందో చెప్పడమే.

బందరు పోర్టు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ పాత నాణేలు పోగేసేవాణ్ణి. మా ఆవిడ కోటేశ్వరమ్మ దాన్ని చిల్లర పిచ్చి అనేది. గోల్కొండ నవాబుల రాగి కాసులు, డచ్చివాళ్ల దుడ్లు, ఘంటసాల పొలాల్లో నాగలికి తగిలిన సీసపు బిళ్లలు, అరబ్బీ అక్షరాలు సగం అరిగిన మొగలాయి రూపాయలు, అన్నింటినీ సిగరెట్టు డబ్బాల్లో దూది పరిచి దాచేవాణ్ణి. నయాపైసలు వచ్చిన కొత్త. ఊరంతా అణాలకూ పైసలకూ మధ్య తికమక పడుతుంటే నేను మాత్రం మూడొందల ఏళ్ల కిందటి డబ్బుతో హాయిగా ఉండేవాణ్ణి. నాకు లేనిదల్లా ఒక్క లారిన్.

లారిన్ గుండ్రంగా ఉండదు. జానెడు లోపు వెండితీగను మధ్యకు మడిచి, దాని మీద పారశీక రాజు పేరు ముద్ర కొట్టేవారు. చూస్తే జడపిన్నులా ఉంటుంది. ఒకప్పుడు బందరు రేవుకు పారశీక ఓడలు వచ్చేవి గనక, ఈ చుట్టుపక్కల ఒకటైనా ఉండకపోదని నా నమ్మకం. పుస్తకంలో బొమ్మ చూసిన నాటినుంచి పన్నెండేళ్లు వెతికాను.

అది మా ఇంటికి చేపలు తెచ్చే నాంచారమ్మ దగ్గరే ఉంది. ఒకరోజు గాలి కాస్త జోరుగా వీస్తుంటే, "మీవాళ్లు ఒడ్డునే ఉన్నారా?" అని అడిగాను.

"లేదండీ, వేటకెళ్లారు. వెండి కుండలో వేసే వచ్చాను, భయం లేదు," అంది.

ఏం వెండి అని అడిగితే చెప్పింది. అది వాళ్లింటి పద్ధతి. మగవాళ్ల పడవ కదిలే ముందు పెద్దకోడలు ఆ వెండిముక్కను బియ్యంకుండలో అడుగుకంటా గుచ్చుతుంది. పడవ తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. పైనుంచి బియ్యం తీసుకుంటారు గానీ అడుగుకు చెయ్యి పోనివ్వరు. ఇంట్లో వెండి కదలకుండా ఉన్నంతసేపూ సముద్రంలో మనుషులకు ఏమీ కాదట.

"మడిచిన తీగ బాబుగారూ. సాయిబులు చదివే అక్షరాల్లాంటివి ఉంటాయి దాని మీద. మా అత్తగారి అత్తగారి నాటిది."

లారినే.

పడవలు ఒడ్డునున్న రోజు చూసి, బొమ్మ గీసుకుని తిరిగి ఇస్తానని అడిగాను. అమ్మమంటే అమ్మదని నాకు తెలుసు. పోర్టు ఆఫీసు బాబుగారు అడిగితే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. మర్నాడు ఇంటినుంచి తెచ్చి, కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తిన్నగా కంసాలి శివరామయ్య గారి దగ్గరకు తీసుకెళ్లాను.

"అచ్చం ఇలాంటిదే కావాలండీ. నాక్కూడా తేడా తెలియకూడదు."

"తూకం సరిగ్గా రాకపోవచ్చు. కళ్లకైతే దొరకదు," అన్నారాయన.

అన్నట్టే చేశారు. అక్షరాల అరుగుదలా, ఒక కొసన ఉన్న నొక్కూ అన్నీ దింపారు. ఇంట్లో చిన్న త్రాసులో వేసి చూస్తే కొత్తది రెండు గురిగింజలెత్తు తక్కువ. ఆ కొత్తదాన్ని నాంచారమ్మకిచ్చాను. కళ్లకద్దుకుని తీసుకుంది. ఆమె వెళ్లాక నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. పట్టరానంత సంతోషం వేసింది.

ఆ సంతోషం పదహారు రోజులుంది.

కార్తీకమాసం, మంగళవారం పొద్దున. ఆఫీసు ముందు స్తంభానికి ఏడో నంబరు తుపాను ప్రమాద సూచిక ఎత్తుతుంటే నేను పక్కనే ఉన్నాను. అంతకు రెండు రోజుల ముందు నాంచారమ్మ వాళ్ల పల్లె నుంచి ఆరు పడవలు వెళ్లాయి. ఆ మంగళవారం సాయంత్రానికి అయిదు తిరిగొచ్చాయి. రానిది పున్నయ్యది. అతను నాంచారమ్మ మొగుడు. పడవలో అతని తమ్ముడు కోటయ్య కూడా ఉన్నాడు.

నాకు దేవుడి మీద నమ్మకమే అంతంతమాత్రం. వెండితీగకూ సముద్రానికీ ఏమిటి సంబంధమని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. ఇంటికొచ్చి డబ్బా మూత తీశాను. దూది మీద అది మెరుస్తోంది. ఇది ఉండాల్సిన చోట లేదు, ఆ ఇద్దరూ నీళ్లలో ఉన్నారు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి. ఎంత తోసినా కదలవు. అన్నం సయించలేదు. పెంకులు ఎగిరిపడిన చప్పుడైన ప్రతిసారీ లేచి కూర్చున్నాను.

తీసుకెళ్లి ఇచ్చేద్దామంటే ఇంకో భయం. పల్లెవాళ్లు కట్టేసి కొడితే? ఆఫీసుకు తెలిసి ఉద్యోగం ఊడితే? తెల్లారాక వెళ్దాంలే అనుకున్నాను. తెల్లారాక, వాన తగ్గాక వెళ్దాంలే అనుకున్నాను. వాన తగ్గలేదు. మధ్యాహ్నానికి ఇక ఇంట్లో ఉండలేక, దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని సైకిలు తీశాను.

తొక్కడం నా వల్ల కాలేదు. గాలి మనిషిని వెనక్కి నెడుతోంది. మోకాలిలోతు నీళ్లలో సైకిలు నడిపించుకుంటూ పోయాను. సముద్రం ఇంకా మైలుదూరం ఉండగానే దాని హోరు కడుపులో వినిపించింది. జేబు తడుముకుంటూ, ఉందా లేదా అని చూసుకుంటూ, ఏడుపొకటే తక్కువగా ఆ ఇల్లు చేరాను.

గుమ్మంలో కోటయ్య పెళ్లాం రత్నకుమారి నిలబడి ఉంది. పెళ్లై ఏడాది కూడా కాలేదు. నన్ను చూసి పక్కకు తప్పుకుంది గానీ సముద్రం వైపు నుంచి చూపు తిప్పలేదు. లోపల అత్తగారు అచ్చమ్మ మంచంలో మూలుగుతోంది. నాంచారమ్మ బియ్యంకుండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కబురేమైనా తెచ్చారా బాబుగారూ?" అంటూ లేవబోయింది.

ఆ మొహం చూశాక దాచడం నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. ఆమె నా చేతిలోది లాక్కుంది. రెండో చేతిని మోచేతిదాకా బియ్యంలోకి దూర్చి లోపలున్నది పైకి తీసింది. ఆ తొందరలో రెండూ జారి చాప మీద పడ్డాయి. తడుముకుని ఏరి, దీపం దగ్గర చెయ్యి చాపింది.

"ఏది మాది?"

చూశాను. పట్టపగలే ఇంట్లో చీకటి. బుడ్డిదీపం గాలికి రెపరెపలాడుతోంది. అరుగుదల చూశాను. రెండూ అరిగే ఉన్నాయి. నొక్కు చూశాను. రెండింటికీ ఉంది. చేతిలో వేసుకుని బరువు చూడబోతే నా వేళ్లు చలికి కొయ్యబారిపోయాయి. పన్నెండేళ్లు దీనికోసం పడి చచ్చినవాణ్ణి, ఏది అసలో నాకు తెలియలేదు.

"త్వరగా చెప్పండి బాబుగారూ. కుండలో వెండి లేదు. వాళ్లు నీళ్లలో ఉన్నారు."

ఒకదాన్ని చూపించాను. "ఇదే."

"ఒట్టు?"

"ఒట్టమ్మా."

దాన్ని బియ్యంలోకి అడుగుకంటా గుచ్చి, రెండోదాన్ని నా కాళ్ల ముందుకు విసిరేసింది.

దాన్ని ఏరుకుని ఇంటికొచ్చి త్రాసు దింపాను. పళ్లేలు అటూ ఇటూ ఊగుతుంటే చూడలేక మళ్లీ పైన పెట్టేశాను. ఇన్నేళ్లయినా దాన్ని తూచలేదు.

మర్నాడు పున్నయ్య దివిసీమ వైపు ఒడ్డున పడవచెక్క పట్టుకుని స్పృహలేకుండా దొరికాడు. బతికాడు. కోటయ్య దొరకలేదు.

నెల తర్వాత నాంచారమ్మ మా గుమ్మంలోకొచ్చింది. వెంట రత్నకుమారి కూడా ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తిట్టినా కొట్టినా పడాలనే అనుకున్నాను.

"మీరు చేసింది తప్పేనండీ," అంది నాంచారమ్మ. "కానీ ఆ వానలో వచ్చి సరైనది చూపించబట్టే మా మావ నాకు దక్కాడు. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

సరైనదో కాదో నాకు తెలియదని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. రత్నకుమారి అప్పటిదాకా తల వంచుకునే ఉంది.

"ఆ సూచిక మంగళవారం పొద్దున ఎత్తారంటగా బాబుగారూ," అంది నెమ్మదిగా. "మీరు అక్కడే ఉన్నారంట."

"అవునమ్మా."

"మా ఆయన మంగళవారం రాత్రంతా పడవలోనే ఉన్నాడంటండీ. తెల్లారగట్ల అల కొట్టేసిందని మా బావగారు చెప్పారు. మీరు మంగళవారమే ఎందుకు రాలేదండీ?"

ఉన్నదే చెప్పాను.

"భయమేసిందమ్మా."

"మాకూ వేసిందండీ," అని, కింద పెట్టిన గంప నెత్తికెత్తుకుని తోడికోడలి వెనకే మెట్లు దిగి వెళ్లిపోయింది.