గుమ్మం పక్క బెంచీ

పెద్దమ్మ పోయిన రోజు పొద్దున నేను పెద్ద డేగిసాలో నీళ్ళు కాచి, కార్బాలిక్ సబ్బూ ఉతికిన తెల్లచీరా పక్కన పెట్టుకుని, మా చర్చి ఆడవాళ్ళ కోసం ఎదురుచూశాను. నీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచాను.

చివరికి జీనెట్ వచ్చింది. సంఘ పెద్ద మార్సెల్ ఆదినారాయణగారి భార్య. కంచె దాటి లోపలికి రాలేదు.

"మిస్, మా అత్తకి ఒంట్లో బాగాలేదు. శవాన్ని తాకి ఇంటికెట్లా పోయేది?"

"మరి ఎవరొస్తారు?"

"ఇన్నాళ్ళూ నర్సమ్మే కదా చేసేది," అంది, అదే జవాబైనట్టు.

నర్సమ్మంటే మా చెల్లమ్మ పెద్దమ్మే. చెరకు ఎస్టేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమణ పొందింది. విరమణంటే జీతం ఆగింది, పని ఆగలేదు. మా దీవిలో రివియేర్ దు రాంపార్ వైపు చెరకుతోటల ఊళ్ళలో, మా చర్చికి వచ్చే తెలుగువాళ్ళ ఇళ్ళలో, ఎవరి పురుడైనా ఆవిడే, ఎవరి జ్వరమైనా ఆవిడే. చనిపోయిన ఆడవాళ్ళకి స్నానం చేయించి బట్ట కట్టేదీ ఆవిడే. పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు, కన్న కొడుకులు ముక్కుకి గుడ్డలు అడ్డం పెట్టుకుని బయట నిలబడితే, ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళింది. మార్సెల్‌గారి చెల్లెలిని కూడా ఆవిడే కడిగింది. తర్వాతి ఆదివారం ఆయన చర్చి మెట్ల మీదే ఆవిడని ఆపారు. "చెల్లమ్మా, నువ్వు గుమ్మం పక్క బెంచీ మీద కూర్చో. ప్రభువు పాత్రలో ద్రాక్షారసం అందరూ తాగాక నీకిస్తాం. జనం భయపడుతున్నారు." జ్వరం పోయింది. బెంచీ మాత్రం పోలేదు. మా చర్చిలో అంటూ ముట్టూ లేవని పాదిరిగారు ఏటా చెప్పేవారు. ఆయన చెబుతున్నప్పుడు పెద్దమ్మ గుమ్మం పక్క కూర్చుని తలూపేది. రోగిని తాకకముందూ తాకిన తర్వాతా చేతులు కడుక్కునే మనిషి. ఆ చర్చిలో అంత శుభ్రమైన చేతులు ఇంకెవరికీ లేవు. కోపం రాదా అని అడిగితే, "చివర్న తాగితే మిగిలిందంతా నాదే కదే," అని నవ్వేది. ఆ నవ్వు నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడూ నచ్చదు.

ఆ రోజు నేనొక్కదాన్నే ఆవిడకి స్నానం చేయించాను. పక్కకి తిప్పడం చేతకాలేదు. వీపు సరిగ్గా కడగలేకపోయాను. సమాధి దగ్గర మార్సెల్‌గారు టోపీ తీసి, "మా సంఘానికి తల్లి," అన్నారు. ఆడవాళ్ళందరూ కీర్తన చక్కగా పాడారు.

ఇవాళ ఉదయం మార్సెల్‌గారు నేను పాఠాలు చెప్పే బడికి వచ్చారు. పిల్లలు లేచి నిలబడ్డారు.

"మిస్, తెల్లవారుతుండగా అమ్మ పోయింది. మీరొచ్చి స్నానం చేయించాలి. సాయంత్రానికి మట్టి చెయ్యాలి."

"మీ ఇంట్లో ఆడవాళ్ళున్నారు కదండీ."

"ఉన్నారు. జీనెట్ 'మో పా కపావ్' అని కూర్చుంది, తనవల్ల కాదట. మా కోడళ్ళకి భయం. మీరు నర్సమ్మ ఇంటి మనిషి, మీకు అలవాటే. పైగా ఇంట్లో మొగుడా, పిల్లలా? మీకు భయమేముంది?" తర్వాత గౌరవం చేస్తున్నట్టు అన్నారు. "గుమ్మం పక్క బెంచీ మీకోసం అట్లాగే ఉంచాం, మిస్. ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

పలకలు పట్టుకున్న ఆడపిల్లలు నా మొహం చూస్తున్నారు. నేను వాళ్ళని కూర్చోమన్నాను.

"నీళ్ళు కాచమని జీనెట్‌తో చెప్పండి. సబ్బు నేనిస్తాను. వీపు కడగడానికి ఇద్దరు కావాలి, కోడళ్ళని చెరో పక్కా పట్టుకోమనండి."

"మీరు రారా?"

"నేను పాఠం చెబుతున్నాను."

బోర్డు వైపు తిరిగాను. ఆయన బూట్ల చప్పుడు దూరమైంది.

బడి విడిచాక పెద్దమ్మ సబ్బు తీసుకెళ్ళి వాళ్ళ వరండాలో పెట్టాను. పెరట్లో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, దగ్గర ఎవరూ లేరు. ఇంటినిండా ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. జీనెట్ నన్ను చూసి లేచి దారి ఇచ్చింది. నేను లోపలికి వెళ్ళలేదు.

ముసలావిడకి ఇంకా స్నానం కాలేదు.