రాళ్లవాగు దగ్గరి పులి బొమ్మ

నేను ఒక ఇనుప రేకు బోర్డును. రాళ్లవాగు దాటే చోట, అడవి బాట పక్కన అరవై ఏళ్లు నిలబడ్డాను. మొదట నా మీద తుపాకీ బొమ్మ ఉండేది. అనుమతి ఉన్నవాళ్లే వేటాడాలని దానర్థం. తరువాత వేట ఆగింది, జాతీయ వనాల సంస్థ వచ్చింది. బాలాచారి అనే పెయింటరు తుపాకీని చెరిపి, నోరు తెరిచిన పులిని వేశాడు. కోరలకు రెండు పూతలు పూశాడు. చదువు రానివాళ్లు సైతం నన్ను చూసి గొంతు తగ్గించి, వెనక్కి మళ్లేవారు.

పోయిన ఏడాది పట్నం నుంచి ఒక అధికారి వచ్చాడు. "భయపెట్టే గుర్తు మనకొద్దు. జనం దగ్గరవ్వాలి" అన్నాడు. పులి మీద రంగు పూయించి మూడు లేతాకులు, కింద 'స్వాగతం' వేయించాడు. ఆకులు నిజంగానే అందంగా ఉన్నాయి. కానీ నా వెనుక పొదలో ఆడపులి ఈనిందని నాకు తెలుసు. చెప్పడానికి నాకు మిగిలిన ఒక్క బొమ్మనూ చెరిపేశారు.

ఒక ఉదయం కొత్తజంట కారు ఆపి, నాకు ఆనుకుని ఫోటోలు దిగారు. పెళ్లికూతురు పూలకోసం పొద వైపు నడిచింది. గడ్డి కదిలింది. నా మేకులు బిగుసుకున్నట్టయింది.

"అమ్మా, ఉరకొద్దు!" కాపలాదారు ఈదన్న గొంతు అది. ఈ అడవిలోనే పుట్టిన చెంచు మనిషి. "నా దిక్కే సూడు. ఎనక్కి ఎనక్కి రా."

పులి ఒక్కసారి గర్జించి ముందుకు దూకింది. ఈదన్న చేతులు చాపి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. పది అడుగుల దూరంలో పులి ఆగింది. ఎంతసేపో తెలియదు. చివరికి పిల్లల దగ్గరికి తిరిగింది.

ఆ సాయంత్రమే ఈదన్న బొగ్గుతో ఆకుల మీద పులి ముఖం గీశాడు.

"సంస్థ గుర్తునే పాడుచేస్తావా?" మళ్లీ వచ్చిన అధికారి కేకలేశాడు.

"ఆకును సూసి ఎవడు భయపడతడు సారూ?"

అధికారి మరునాడే మనుషుల్ని పంపాడు. నన్ను పీకి, నా చోట తళతళలాడే కొత్త ఆకుల బోర్డు నాటారు.

ఇప్పుడు పట్నం ఆఫీసులో అద్దం వెనుక ఉన్నాను. పక్కన 'మన గుర్తు నడిచిన దారి' అని చీటీ. వచ్చినవాళ్లు బొగ్గు పులిని చూసి ముచ్చటపడతారు. ఎదుటి బల్ల మీద టెలిఫోను ఉంది. అది మోగిన ప్రతిసారీ అడవి నుంచి ఏ చెడు కబురోనని వణుకుతాను. రాళ్లవాగు దగ్గర ఇప్పుడు ఈదన్న ఒక్కడే.