మిరియాల పాల మరచెంబు

నేను ఒక మరచెంబును. మరచెంబు అంటే ఏమిటని ఈ కాలం పిల్లలు అడుగుతారు కనుక ముందే చెప్పేస్తాను. దారిలో నీళ్ళు ఒలకకుండా మూతను తిప్పి బిగించుకునే ఇత్తడి చెంబు. ప్లాస్టిక్ సీసాలు పుట్టకముందు నన్నో నా అన్నదమ్ములనో చేత పట్టుకోకుండా రైలెక్కిన పెద్దమనిషి లేడు. ఇప్పుడు చీరాలలో ఒక ఇంటి అద్దాల బీరువాలో కూర్చున్నాను. నా పక్కన ప్లాస్టిక్ నెమలి ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలు నన్ను చూసి "అబ్బ, ఎంత పాతదో" అంటారు. నెమలిని మాత్రం చేత్తో నిమిరి చూస్తారు. మనుషుల ముచ్చట్లు మనుషులవి.

నన్ను చేసిన కంచరి పని చేసేటప్పుడు నోరు విప్పేవాడు కాదు. మాటల్లో పడితే మూత మర తప్పుతుందని అతని నమ్మకం. అతని చేతిలోంచి నేను వెళ్ళిపడింది మాత్రం నోరే బతుకైన వాళ్ళ మధ్యకు. నన్ను కొన్నవాడు నాటకాల హార్మోనిస్టు. ఊరూరా తిరుగుతూ నా నిండా మిరియాల పాలు పోయించేవాడు. రాజులూ ఋషులూ తెర వెనక్కి వచ్చి, నా మూతలో ఇంత పోసుకుని తాగి, గొంతు గరగరలాడించి మళ్ళీ వేదిక ఎక్కేవారు. ఎంతటి చక్రవర్తికైనా జలుబు చేస్తే నేనే దిక్కు.

ఒక శివరాత్రికి చీరాల పక్క పల్లెలో నాటకం. శివుడి వేషం కట్టాల్సిన మనిషికి జ్వరం వచ్చి పడుకున్నాడు. ఊళ్ళో మగ్గం నేసే కుర్రవాడొకడు పద్యాలు పాడతాడని ఎవరో చెబితే పిలిపించారు. అతని పేరు భావనారాయణ. చేతులకు ఇంకా రంగు అంటుకుని ఉండగానే వచ్చాడు, మొహానికి విభూతి పులుముకున్నాడు, సీస పద్యం ఎత్తుకున్నాడు. జనం వన్స్ మోర్ అంటే వన్స్ మోర్. అదే పద్యం ఎన్నిసార్లు పాడాడో, తెల్లారేలోగా నాటకం సగమే అయింది. హార్మోనిస్టు నన్ను తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇది ఉండాల్సిన చోటు నీ ఇల్లురా అబ్బాయ్. ఆ గొంతు జాగ్రత్త" అన్నాడు. అలా నేను భావనారాయణ ఇంటి చెంబునయ్యాను.

ఆ ఇల్లు నాకెంత నచ్చిందో చెప్పలేను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చాలు, అతనికి పద్యం వచ్చేసేది. దారం మోసే నాడె ఇటూ అటూ పరుగెత్తేది, పద్యం దాని వెంట పరుగెత్తేది. భార్య శేషారత్నం పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతూ, పాడే మనిషిని చూడకుండానే ఎక్కడ రాగం బాగా తీశాడో అక్కడ ముసిముసిగా నవ్వుకునేది. తర్వాత మల్లేశు పుట్టాడు. నడిచాడు, పరుగెత్తాడు, అల్లరి చేశాడు. మాట మాత్రం రాలేదు. అయిదో ఏడు వచ్చినా అమ్మా అని పిలవలేదు. వైద్యులకు చూపించారు, తేనె నాకించారు, వస కొమ్ము అరగదీసి పట్టారు. చివరికి కార్తీక మాసంలో పంచారామాలకు పోయే ప్రత్యేక బస్సు ఎక్కారు. ఆ బస్సు అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అయిదు పాత శివాలయాలకూ తీసుకుపోతుంది. నీళ్ళకు నన్ను తీసుకువెళ్ళారు.

అమరావతి దర్శనమయ్యాక బస్సు భీమవరం దారి పట్టింది. జనంలో ఎవరో భావనారాయణను గుర్తుపట్టారు. ఒక్క పద్యం, ఒక్క పద్యం అని బతిమాలారు. పిలవకపోయినా పాడే మనిషి, పిలిస్తే ఊరుకుంటాడా? కడ్డీ పట్టుకుని నిలబడి పాడాడు. బస్సంతా వన్స్ మోర్. పక్క సీటులో ముసలమ్మ మల్లేశు గడ్డం పట్టుకుని, "నువ్వూ మీ నాన్న లాగ పాడతావా? ఏదీ, అమ్మా అను" అంది. వాడు తెల్లమొహం వేశాడు. "మాట రాదా తల్లీ? అయ్యో పాపం" అంది ముసలమ్మ. మంచి మనసుతోనే అంది. ఆ అయ్యో పాపమే శేషారత్నానికి కారమై తగిలింది.

భర్త వచ్చి కూర్చోగానే గొంతు తగ్గించి, పళ్ళ బిగువున అన్నది: "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. కన్నబిడ్డకి అమ్మా అనే పలుకు లేక నేను కుళ్ళి చస్తుంటే, నువ్వు ఊరోళ్ళకి పద్యాలు పంచుతుండావా? ఆ నోరు మూతపడితే నాకు నిమ్మళం."

భావనారాయణ నా మూత తిప్పి కొడుక్కి నీళ్ళు పట్టాడు.

ద్రాక్షారామంలో అసలు సంగతి జరిగింది. అక్కడ స్వామి రెండు అంతస్తుల ఎత్తు. కింద పాదం చూసి, మెట్లెక్కి పైన శిరస్సు చూడాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, వెనకనుంచి పదండి పదండి అని తోస్తుంటే ఎవరు మాత్రం ఏం మొక్కుకుంటారు? దర్శనమయ్యాక శేషారత్నం పిల్లవాడిని చంకనేసుకుని మాణిక్యాంబ అమ్మవారి దగ్గరికి వెళ్ళింది. భావనారాయణ నన్ను ఒళ్ళో పెట్టుకుని మండపంలో చతికిలబడ్డాడు. నా మూత మీద నుదురు ఆనించాడు. ఆ మాటలు దేవుడి కంటే ముందు నేనే విన్నాను.

"సామీ, బంగారం ఇయ్యటానికి నాకాడ లేదు. ఉండేది ఈ గొంతొకటే. ఇది నువ్వు తీసుకో, నా బిడ్డకి మాటియ్యి. చచ్చేదాకా పాడను. ఎందుకు పాడనో ఎవరికీ చెప్పను."

మొక్కు బయటపెడితే ఫలం పోతుందంటారు కదా. అందుకే ఆ చివరి మాట. కాశీకి పోయినవాళ్ళు కాకరకాయో గుమ్మడికాయో వదిలేసి వస్తారని విన్నాను. అందులోనూ తెలివైనవాళ్ళు తమకు సయించని కాయనే వదులుతారు. ఈ పిచ్చి మనిషి మాత్రం ప్రాణమంత ఇష్టమైనదాన్ని ఇచ్చి వచ్చాడు. నాకు చేతులుంటే అతని నోరు మూసేదాన్ని.

ఉగాది లోపల మల్లేశుకు మాట వచ్చింది. మగ్గం మీంచి నాడె జారిపడితే, "నాడె" అన్నాడు స్పష్టంగా. స్వామి ఇచ్చాడో, వాడికే సమయం వచ్చి మాట వచ్చిందో, చెంబును నాకేం తెలుస్తుంది? శేషారత్నం పరవశంతో ఏడ్చింది. "ఇప్పుడు పాడయ్యా, నీ ఇష్టమొచ్చినంతసేపు పాడు" అంది. భావనారాయణ కొడుకును ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నాడే కానీ పాడలేదు. ఆ రోజే కాదు, మరే రోజూ పాడలేదు. అడిగినవాళ్ళకు గొంతు పోయిందన్నాడు. మిరియాల పాలు ఆగిపోయి నాలో ఉత్త నీళ్ళే మిగిలాయి. మగ్గం ఒంటరిగా టకటకలాడేది. ఆ చప్పుడు నాకు నచ్చేది కాదు.

శేషారత్నం మాత్రం లెక్క వేరే కట్టుకుంది. తను బస్సులో అన్న మాటకే అతను నోరు మూసుకున్నాడనుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంటింట్లో నన్ను చింతపండుతో తోముతూ అతను శివరాత్రికి పాడిన పద్యాన్ని లోలోపలే అనుకునేది. పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. ఒకసారి బిందెల వాళ్ళకు నన్ను వేసేసి స్టీలుది తీసుకుందామని ఎవరో అంటే, ఆమె నన్ను గట్టిగా చంకన పెట్టుకుంది. ఇద్దరి గుట్టూ నాకు తెలుసు. ఒకరిది ఒకరికి చెప్పగలిగితే చిటికెలో తేలే వ్యవహారం. కంచరి నాకు నోరు పెట్టాడు కానీ అది నీళ్ళు పోసుకోవడానికే.

మల్లేశు పెద్దవాడై చీరాలలో చీరల కొట్టు పెట్టాడు. ఆలస్యంగా వచ్చిన మాట వడ్డీతో సహా వచ్చింది. చీరల కొట్టులో వాడు నోరు విప్పాక కొనకుండా దిగిపోయిన ఆడమనిషి లేదు. రుమాలు కొందామని వచ్చినవాళ్ళు పట్టుచీరతో పోయేవారు. ఇంట్లో అన్నం తింటూ మాట్లాడతాడు, నిద్రలో మాట్లాడతాడు. "ఈయనకి మాట కోసం మొక్కినోళ్ళు కాస్త చూసుకుని మొక్కాల్సింది" అని కోడలు నవ్వేది. భావనారాయణ మాత్రం కొడుకు ఎంత వాగినా విసుక్కోడు. కచేరీ వింటున్నట్టు తల ఊపుతూ వింటాడు.

మొన్నటి కార్తీకంలో మల్లేశు వ్యాను మాట్లాడి అమ్మానాన్నలనూ భార్యనూ మళ్ళీ పంచారామాలకు తీసుకువెళ్ళాడు. నేను పట్టుబట్టకుండానే శేషారత్నం నన్నూ ఎక్కించింది. కొత్త కోపాలు లేవు, పాత తోపులాటలు ఉన్నాయి. ద్రాక్షారామం వచ్చేసరికి ముసలివాళ్ళిద్దరూ అలసిపోయి మండపంలో కూర్చున్నారు. మల్లేశు, కోడలు ప్రసాదాల వరుసకు వెళ్ళారు. వాడి గొంతు అక్కడినుంచి కూడా వినిపిస్తూనే ఉంది, ముందు నిలబడ్డ ఆయనకు ఉప్పాడ చీరకూ వెంకటగిరి చీరకూ తేడా చెబుతున్నాడు.

శేషారత్నం చాలాసేపు కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"ఏమయ్యా, ఒక్క మాట అడుగుతా, కసురుకోబాక. ఇంకెన్నాళ్ళు? అప్పుడేదో కడుపుమంటలో అన్నా. దానికి ఇన్నేళ్ళ శిక్షా నాకు? నేను పోయేలోపు ఒక్కసారి ఆ పద్యం పాడరాదా?"

భావనారాయణ ఆమె వంక అయోమయంగా చూశాడు. "ఏ మాట? నువ్వేమన్నావే?"

"బస్సులో. నీ నోరు మూతపడితే నాకు నిమ్మళం అన్నాగా."

అతనికి గుర్తే లేదు. నిజంగా లేదు. ఆమె జీవితమంతా మోసిన మాట అతని చెవిలో ఒక పూట కూడా నిలవలేదు. చెబితే మొక్కు చెడుతుంది. చెప్పకపోతే ఈ మనిషి తప్పు చేశాననుకుంటూనే పోతుంది. ప్రసాదాల వరుస వైపు చూశాడు, కొడుకు గొంతు విన్నాడు, కళ్ళు మూసుకున్నాడు.

"నీ మాటకి కాదే రత్నం. నా గొంతు ఈ సామికిచ్చేసినా. వాడి మాట కోసం. బయటికి చెబితే వాడి మాట పోతదని నీకు కూడా చెప్పలా."

శేషారత్నం ఏడవలేదు. నాకు మాత్రం, ఇత్తడికి ఉండదంటారు గానీ, గుండె నిండిపోయింది. కాసేపటికి ఆమెకు తన తెలివి తనకు వచ్చింది.

"ఇచ్చింది సామికే కదా?"

"ఆ."

"అయితే ఆయన సొత్తు ఆయనకాడ పాడటానికి ఎవరి అనుమతి కావాల? మందికి వద్దులే. ఆయనకి పాడు. పక్కన కూచున్న పాపానికి నా చెవిన పడితే పడుద్ది."

ఇంత చక్కటి వాదన ఏ ప్లీడరూ చేసి ఉండడు. భావనారాయణ నా మూత తిప్పబోయాడు, ముసలి చేతులకు అది తిరగలేదు. ఆమె తిప్పి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, గర్భగుడి వైపు తిరిగి ఎత్తుకున్నాడు. ఆ పాత గొంతు ఎక్కడిది? తుప్పు పట్టిన తలుపు తీసినట్టు వచ్చింది. మొదటి పాదం ఎలాగో దాటాడు. రెండో పాదంలో మాటలే మరిచిపోయి ఆగిపోయాడు. శేషారత్నం అందించింది. ఏ మాట ఎక్కడ విరిచి, ఎక్కడ సాగదీసేవాడో అలాగే అందించింది. ఆమె అందిస్తుంటే అతను పాడుతూ పోయాడు. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుకుంటూ పోయారు. వన్స్ మోర్ ఎవరూ అనలేదు.

పద్యం ముగిశాక చూస్తే స్తంభం వెనక మల్లేశు నిలబడి ఉన్నాడు. చేతిలో విస్తరాకు దొన్నెల్లో పులిహోర చల్లారిపోయింది. వాడు ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో అడగనక్కర్లేదు, ముఖమే చెబుతోంది.

వ్యాను సామర్లకోటకు బయలుదేరింది. మల్లేశు ముందు సీటులో కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. డ్రైవరు రోడ్డు గురించి ఏదో అంటే ఊఁ అని కూడా అనలేదు. కోడలు పులిహోర తినమంటే తల అడ్డంగా ఊపాడు. భావనారాయణ ముఖం పాలిపోయింది. నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. శేషారత్నం కూడా భర్త చెయ్యి పట్టుకుంది. మొక్కు చెడిందా? వయసొచ్చిన కొడుకు, చీరల కొట్టు యజమాని, వాడికి మాట పోవడమేమిటని మీరు నవ్వవచ్చు. ఆ వెనక సీటులో కూర్చుని ఉంటే నవ్వి ఉండేవారు కాదు.

"మల్లేశూ" అన్నాడు భావనారాయణ. జవాబు లేదు. ముందుకు వంగి కొడుకు భుజం తట్టాడు. "నాయనా, ఏదో ఒకటి మాట్లాడరా. నీకు దణ్ణం పెడతా. ఏదైనా సరే మాట్లాడు."

మల్లేశు వెనక్కి తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"నువ్విచ్చిన మాట ఇన్నేళ్ళు వాడుకున్నా గదా నాన్నా" అన్నాడు. "సామర్లకోట దాకా నేను ఊరకుంటా. నువ్వు పాడు."