గంగమ్మ చల్లిన ఉలవలు

పెనుకొండలో పాత శిస్తు పుస్తకాలుండే గదికి పోయినామంటారు కదా, ఏం చూసినారో చెప్పండి. బీరువాలు, దుమ్ము, చెదలు అంటారా? అయితే మీరు గడప దగ్గరే నిలబడి వెనక్కి వచ్చినారు.

ఆ గదిని చూసుకునే ఆదెప్ప పొద్దున్నే వచ్చి కిటికీలు తెరుస్తాడు, పిచ్చుకలను తోలుతాడు, చేతిలో తొలిక పట్టుకుని పుస్తకాల్లో కలుపు తీస్తాడు. ఏ చేను పేజీ తెరిస్తే ఆ చేన్లో ఆ యేడు పండిన పంట అక్కడ మొలిచి ఉంటుంది. రాగి యేడు రాగి, జొన్న యేడు జొన్న. కరువు యేడు పేజీ నెర్రెలు విచ్చి ఉంటుంది. నీళ్ళు ఎక్కువ చల్లితే సిరా కారుతుందని ఆదెప్ప తడిగుడ్డ మాత్రం కప్పుతాడు.

ఉలిగమ్మ ఆ గదికి చరిత్ర చదవడానికి రాలేదు. మనవరాలి నోరు మూయించడానికి వచ్చింది.

మనవరాలు సంగీతకు హిందూపురంలో నర్సు చదువుకు సీటు వచ్చింది. రెండేళ్ళు హాస్టల్లోనే ఉండాలి. మొగుడు మంజునాథ్ నిరుడు లారీ కింద పడి పోయినాడు. చంకలో ఇంకా పేరు పెట్టని పాప. ఆ పాపను సోమందేపల్లి పక్కన పల్లెలో అవ్వ దగ్గర వదిలితేనే చదువు. అవ్వ ఒప్పుకోకపోతే మళ్ళీ కూలికే.

"బిడ్డను ఇడిసిపెట్టి పోయే ఆడది మా ఇంట్లో ఒకతి పుట్టింది చాలు," అనింది ఉలిగమ్మ. "ఇంకోతి వద్దు."

ఆ ఒకతి మారక్క. ఉలిగమ్మ నాయనను కన్నతల్లి. మొగుడు చచ్చిన కరువు యేడు, పాలు మరవని కొడుకును అత్త ఒళ్ళో వేసి ధర్మవరం పోయింది. ఎవడితోనో లేచిపోయిందని ఊరంతా అనింది. ఒక పొద్దు ఎవరో వచ్చి తలుపు కొట్టినారని, ఆ అత్త ముసలామె లోపల గడియ పెట్టి తీయలేదని నాయన చెప్పేవాడు. లేచిపోయినదాని మనవరాలు అనే మాట ఉలిగమ్మ చిన్నప్పుడు నీళ్ళ కాడ పడింది, పెళ్ళి మాటల్లోనూ పడింది. అందుకే ఆ పేరు ఆ ఇంట్లో ఎవరికీ పెట్టలేదు.

సంగీత ఊరుకోలేదు. "లేచిపోయిందని ఎవురు చూసినారవ్వా? పాత లెక్కలు పెనుకొండలో ఉండాయంట. అడిగితే చూపిస్తారంట. పోదాం పా."

"పా. ఆమె పోయినాక మా చేను ఎట్ల ఎండి చచ్చిందో నీ కండ్లతోనే చూద్దువు."

పల్లె పేరు చెప్పగానే ఆదెప్ప పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టినాడు. "మెల్లిగా తిప్పు తల్లీ. బిరబిరా తిప్పితే కంకులు రాలిపోతాయి. కంది ఉండే పేజీలో చెయ్యి పెట్టొద్దు, పురుగు ఉండాది."

"ఏమప్పా, మందు కొట్టకూడదా?" అనింది ఉలిగమ్మ.

"కొట్టినా అక్కా. రెండూర్ల పేర్లు కూడా పోయినాయి. పై ఆఫీసరు నాకు కొట్టినాడు మందు."

సంగీత నవ్వింది. ఉలిగమ్మ నవ్వలేదు.

మారక్క కాపురానికి వచ్చిన యేడు రాగి నడుము ఎత్తు నిలబడి ఉంది. తర్వాతి యేడు కొర్ర. ఆ తర్వాత కరువు పేజీ. నెర్రెల్లో వేలు పడుతుంది.

"చూసినావా?" అనింది ఉలిగమ్మ.

సంగీత ఇంకో పేజీ తిప్పింది. బీడు మధ్యలో ఉలవ తీగ ఆకులేసి పాకి ఉంది.

"అది గంగమ్మ చల్లినది," అనింది ఉలిగమ్మ చెంపలు వేసుకుంటూ. "మా నాయన చెప్పేవాడు. దున్నేవాళ్ళు లేని యేండ్లలో అమ్మవారే ఉలవలు చల్లి మమ్మల్ని సాకిందని. ఇప్పటికీ తొలి గుగ్గిళ్ళు గంగమ్మకే పెడతాం."

తరువాతి యేడూ ఉలవలే. ఆ తరువాతి యేడూ ఉలవలే. ఉలిగమ్మ వంగి చూసింది. చూసి, తీగను పక్కకు తప్పించి మళ్ళీ చూసింది. డెబ్బై యేండ్ల సేద్యం చేసిన మనిషి. గాలికి పడిన విత్తనం ఎట్లా మొలుస్తుందో తెలుసు. చేత్తో పెట్టిన విత్తనం ఎట్లా మొలుస్తుందో తెలుసు.

"ఇది విత్తిన సాలు," అనింది. "గట్టు నుంచి గట్టుకి ఒకే సాలు. దేవుడు చల్లితే చేనంతా మొలవాల. ఇది మనిషి పెట్టింది."

"శిస్తు ఎవురు కట్టినారో చూడండి," అన్నాడు ఆదెప్ప.

ఆ యేండ్లలో సర్కారు శిస్తు మాఫీ చేసిందనే ఇంట్లో అందరూ అనుకున్నారు. కానీ కట్టిన పేరు ఉంది. సంగీత పైకి చదివింది. "మారక్క. ఉండేది ధర్మవరం." పక్కన వేలిముద్ర. ముద్రకు అడ్డంగా సన్నటి గీత. తరువాతి యేడూ అదే పేరు, అదే గీత.

"పట్టు దారం కోత," అన్నాడు ఆదెప్ప. "మా ఇంటామెకీ ఉండాది. మగ్గాల కాడ దారం చుట్టినోళ్ళ వేలు అట్లే కోసుకపోతాది."

శిస్తు కట్టకుంటే ఆ చేను వేలానికి పోయేది. ఆ చేన్లో పండిందే నాయన తిన్నాడు, ఉలిగమ్మ తినింది, సంగీత తినింది. మారక్క వచ్చి శిస్తు కట్టింది, సాలు పెట్టింది, మూసిన తలుపు చూసి వెనక్కి పోయింది. ఎన్నిసార్లు కొట్టిందో ఏ పేజీలోనూ లేదు.

"ముసలామెకు సాలు తెలీదా?" అని అరిచింది ఉలిగమ్మ. కిటికీలో పిచ్చుకలు లేచిపోయినాయి. "కోసింది ఆమే గదా! కోసేటప్పుడు కండ్లు యాడ పెట్టుకునింది? తెలిసే గంగమ్మ పేరు చెప్పింది. మేమూ నమ్మి గుగ్గిళ్ళు అమ్మవారికి పెట్టి, తిట్లు సాలు పెట్టిన తల్లికి పెట్టినాం!"

సంగీత అవ్వ భుజం పట్టుకుంది. పాప ఆ సందులో చెయ్యి చాచి తీగను లాగింది. ఎండిన కాయ ఒకటి పిడికిట్లోకి వచ్చింది.

"ఉండనీలే," అన్నాడు ఆదెప్ప. "వాళ్ళ చేనిదే కదా."

బస్సులో ఉలిగమ్మ పాప పిడికిట్లో కాయ తీసి కొంగున ముడేసుకునింది. పల్లెలో దిగినాక నేరుగా చేనికి పోయింది. కాలి మడమతో మట్టి జరిపి, ఆ కాయ గింజలు గట్టు పక్కన వరసగా పెట్టింది. పేరు లేకుండా తిరుగుతున్న పాపను ఎత్తుకుని, "మారక్కా, మన్ను నోట్లో పెట్టుకోవద్దే," అనింది.

సంగీత అక్కడే నిలబడి ఏడ్చింది.

హిందూపురం పోయే రోజు బ్యాగు సర్దుకుంటూ సంగీత అడిగింది. "ఊర్లో ఏమంటారో అవ్వా?"

"అననీ. నువ్వు ఎప్పుడొచ్చినా రా. కొట్టే పని లేదు."

తలుపుకు గడియ లేదు. తెల్లవారే పీకి పారేసింది ఉలిగమ్మ. ఇప్పుడా ఇంట్లో గాలికి తలుపు కొట్టుకుంటుందని రాయి అడ్డం పెడతారు. తొలి గుగ్గిళ్ళు రెండాకుల్లో పెడతారు.

మీ ఇంట్లోనూ పేరు ఎత్తని మనిషి ఒకరు ఉండే ఉంటారు. మీరు తింటున్న చేన్లో సాలు ఎవరు పెట్టిపోయినారో ఎప్పుడైనా వంగి చూసినారా?