ఎలుకలకు నయమైన జబ్బు

గోవిందప్ప నిజాంపేటలో టిఫిన్ సెంటర్ పెట్టి హాస్టల్ పిల్లలకు ఏళ్ల తరబడి దోసెలు పోశాడు. పార్కిన్సన్స్ వచ్చి కుడిచేయి వణకడం మొదలయ్యాక పిండి పెనం మీదకంటే పొయ్యి మీదే ఎక్కువ పడేది. టిఫిన్ సెంటర్ మూసేసి, హఫీజ్‌పేట్‌లో ఉండే కూతురు స్వాతి దగ్గరికి వచ్చేశాడు.

స్వాతి హైటెక్ సిటీ దగ్గర ఒక మందుల పరిశోధన కంపెనీలో పనిచేసేది. అక్కడ ఎలుకల మెదడును ఒక పక్క దెబ్బతీసి, వాటికి పార్కిన్సన్స్ లాంటి జబ్బు తెప్పించేవాళ్లు. దాంతో ఒక ముంగాలు చచ్చుబడేది. గాజు గొట్టంలో వదిలితే లేచి నిలబడి, బాగున్న కాలొక్కటే గోడకు ఆనించేవి. కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఒక ఎలుక రెండో కాలు కూడా ఎత్తి గాజు మీద పెట్టింది. తర్వాత ఇంకొకటి. స్వాతి ఆగలేక ఆ సాయంత్రమే తండ్రికి చెప్పేసింది.

"మనుషులదాకా రావాలంటే చానా ఏండ్లు పడుతుంది నాయనా. వస్తుందో రాదో కూడా తెలీదు" అని కూడా అంది. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. రోజూ ఆమె చెప్పులు విప్పకముందే అడిగేవాడు, "ఎట్లుండాయమ్మా మన ఎలకలు?"

ఒక సోమవారం మేనేజర్ మధుసూదన్ ఆమెను పిలిచాడు. ఆయనది తెనాలి వైపు. ఎంత కటువైన మాటనైనా మర్యాదగా చెబుతాడు.

"పార్కిన్సన్స్ స్టడీ ఆపేస్తున్నామండి. అదే మందును డిప్రెషన్‌కి చూడమంటోంది క్లయింట్. దానికి మార్కెట్ పెద్దది."

"ఎలుకలు కోలుకుంటున్నాయి సార్."

"తెలుసండి. రిజల్ట్ బాలేక ఆపట్లేదు. కొత్త బ్యాచ్‌కి బోన్లు ఖాళీ చేయాలి."

"మందు ఎలా పనిచేసిందో మెదళ్లైనా తీసి చూద్దాం సార్."

"బడ్జెట్ లేదండి."

ఆ మధ్యాహ్నం స్వాతే వాటిని గ్యాస్ పెట్టెలో వదిలింది. బాగుపడిన కాళ్లతో అవి గోడలు పట్టుకుని పైకి లేచాయి.

ఇంట్లో తండ్రి అడిగాడు. అబద్ధం చెప్పాలనుకుంది గానీ నోరు రాలేదు.

"చంపేసినాం నాయనా."

"నయం కాలేదా?"

"అయింది."

గోవిందప్ప వణికే చేతిని తొడకు అదిమి పట్టుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తావు ఆడ?"

"అదే మందు, దిగులు జబ్బుకు. ఎలుకల్ని నీళ్లలో వేస్తాం. ఎంతసేపు ఈది, ఎప్పుడు ఆశ వదులుకుంటాయో చూస్తాం."

"మంచిదే. అది వచ్చినాక నాకు దాన్నే తెచ్చియ్యి తల్లీ."

స్వాతి ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఆయన మందులు ఎలా అన్నదే ఎటూ తేలలేదు. మర్నాడు ఆఫీసుకెళ్లి నీళ్ల తొట్లు నింపించి, మొదటి ఎలుకను తోక పట్టుకుని వదిలింది.